అంతర్జాతీయ సంబంధాల విద్యకు పెద్దదిక్కేదీ?

ఉక్కునగరం ముందున్న ప్రశ్న - సీనియర్ ప్రొఫెసర్ ఎంపికలో చిక్కులు

రిసాలి (భిలాయి): ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో భిలాయి ఉక్కు కర్మాగారాన్ని ఆనుకొని వెలసిన నివాస ప్రాంతాలలో రిసాలి ఒకటి. భిలాయి నగరపాలక సంస్థ నుంచి విడివడి ప్రత్యేక నగరపాలక సంస్థగా ఏర్పడిన ఈ పట్టణానికి 2021 డిసెంబరులో తొలి ఎన్నికలు జరిగాయి. ఇక్కడి వీధులలో హిందీ, ఛత్తీస్‌గఢీలతోపాటు తెలుగు మాట కూడా వినిపిస్తుంది. కర్మాగార నిర్మాణ కాలంనుంచీ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలెన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. ఈ ఊరి పొయ్యిలో నిప్పు రాజుకోవడానికి మూలకారణం రెండు దేశాల మధ్య కుదిరిన ఒక ఒప్పందం. అటువంటి ఒప్పందాలు ఎందుకు కుదురుతాయో, ఎందుకు చెడుతాయో విడమరచి చెప్పే శాస్త్రానికి అంతర్జాతీయ సంబంధాలు అని పేరు. ఆ శాస్త్రంలో పరిశోధనను నడిపించగల పెద్ద ఆచార్యులను నియమించుకోవడం మన విశ్వవిద్యాలయాలకు, ముఖ్యంగా రాజధానికి దూరంగా ఉన్నవాటికి, అంత సులభం కాదు. అందుకు నిధుల కొరత ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. నియామక నిబంధనల తీరు, శాస్త్రం సరిహద్దులపై స్పష్టత లేకపోవడం, కింది మెట్లు ఖాళీగా ఉండటం కూడా కారణాలే.

ఒప్పందం నుంచి పుట్టిన ఊరు

1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య కుదిరిన ఒప్పందంతో భిలాయి కర్మాగారానికి బీజం పడింది. సోవియట్ ప్రభుత్వం ఇచ్చిన రుణానికి వడ్డీ రెండున్నర శాతం. తీర్చవలసింది పన్నెండు వార్షిక వాయిదాలలో. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన కర్మాగారం విడతలవారీగా విస్తరించి, భారతీయ రైల్వేలకు పట్టాలను అందించే ప్రధాన కేంద్రంగా ఎదిగింది. 2022 సెప్టెంబరులో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ నిర్మాణానికి ఉక్కు సమకూర్చిన కర్మాగారాలలో భిలాయి కూడా ఉంది.

అదే కాలంలో రూర్కెలాకు పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌కు బ్రిటన్ తోడ్పడ్డాయి. ప్రచ్ఛన్నయుద్ధంలో ఏ కూటమిలోనూ చేరని దేశం ఇరుపక్షాల నుంచీ సాంకేతిక సహాయం రాబట్టుకోగలిగిందనడానికి ఈ మూడు కర్మాగారాలే నిదర్శనం. బొకారో విషయంలో కథ మరో మలుపు తిరిగింది. ప్రభుత్వరంగ కర్మాగారానికి ధనసహాయం చేయడంపై అమెరికాలో వ్యతిరేకత రావడంతో 1963లో భారత్ తన అభ్యర్థనను ఉపసంహరించుకొంది. 1965లో సోవియట్ యూనియన్ ఆ బాధ్యతను స్వీకరించింది.

తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. 1966లో విశాఖ ఉక్కు కోసం సాగిన ఉద్యమం, 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో శ్రీమతి ఇందిరాగాంధీ చేసిన ప్రకటన, 1979లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేయడం తెలుగు పాఠకులకు విదితమే. అంకితోత్సవం జరిగేనాటికి సహాయం చేసిన సోవియట్ యూనియనే లేకుండా పోయింది. ఆ దేశానికి చెల్లించవలసిన పాత అప్పును ఏ మారకపు రేటున లెక్కగట్టాలన్న వివాదాన్ని 1993 జనవరిలో రష్యాతో ఒప్పందం ద్వారా పరిష్కరించుకోవలసి వచ్చింది. భిలాయి, విశాఖ కార్మికుల చెమట వెనుక ఇంతటి దౌత్య చరిత్ర దాగి ఉన్నదన్నమాట.

శాస్త్రం పుట్టిన వైనం

అంతర్జాతీయ రాజకీయాలకు ప్రపంచంలో తొలి ఆచార్యపీఠం 1919లో వేల్స్‌లోని అబరిస్ట్‌విత్‌లో వెలసింది. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన విద్యార్థుల స్మారకంగా డేవిడ్ డేవిస్, ఆయన సోదరీమణులు ఇద్దరు కలిసి 20,000 పౌన్లు విరాళమిచ్చారు. అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ పేరిట నెలకొన్న ఆ పీఠాన్ని మొదట అలంకరించినవారు ఆల్‌ఫ్రెడ్ జిమ్మర్న్. 1936లో ఆ పదవికి ఎంపికైన ఇ.హెచ్. కార్ అప్పటివరకు విశ్వవిద్యాలయ ఉపాధ్యాయుడే కాడు. రెండు దశాబ్దాలు బ్రిటిష్ విదేశాంగశాఖలో పనిచేసిన ఉద్యోగి. నానాజాతి సమితిపై దాతలు పెట్టుకున్న ఆశలను ఆయన పంచుకోలేదు. 1939లో ఆయన ప్రచురించిన ‘ది ట్వంటీ ఇయర్స్ క్రైసిస్’ మాత్రం ఈ శాస్త్రానికి మూలగ్రంథాలలో ఒకటిగా నిలిచిపోయింది. నేటి మన నిబంధనల గీటురాయిపై పెడితే కార్ దరఖాస్తు తొలి పరిశీలనలోనే పక్కకు పోయేదని చెప్పక తప్పదు.

మన దేశంలో ఈ విద్యకు పునాది పడిన సంవత్సరం కూడా 1955 కావడం గమనార్హం. భిలాయి ఒప్పందం కుదిరిన ఏడాదే, భారత ప్రపంచ వ్యవహారాల మండలి చొరవతో ఢిల్లీలో భారత అంతర్జాతీయ అధ్యయనాల సంస్థ ప్రారంభమైంది. ఎ. అప్పాదొరై దానికి తొలి సంచాలకులు. సప్రూ హౌస్ కేంద్రంగా ఎదిగిన ఆ సంస్థ 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమైంది. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 1956లోనే ప్రత్యేక శాఖను నెలకొల్పింది. కొట్టాయంలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం తర్వాతి కాలంలో ఈ దారిలో నడిచాయి.

తెలుగునాట ప్రయత్నాలు జరగకపోలేదు. 1964లో హైదరాబాద్‌లో ఉస్మానియా ఆవరణలో అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రం ఏర్పడింది. 1980లలో అదే విశ్వవిద్యాలయంలో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం వెలసింది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆగ్నేయాసియా, పసిఫిక్ ప్రాంతాల అధ్యయనాన్ని చేపట్టింది. అయినప్పటికీ రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఈ విషయం సాధారణంగా రాజనీతిశాస్త్ర శాఖలో ఒకటి రెండు ప్రశ్నపత్రాలకే పరిమితమవుతోంది. భిలాయి ప్రాంతంలో 2005లో సాంకేతిక విశ్వవిద్యాలయం, 2015లో దుర్గ్ కేంద్రంగా మరో విశ్వవిద్యాలయం, 2016లో ఐఐటీ ఏర్పడ్డాయి. ఉన్నత విద్యకు భవనాలు లేవనే మాట ఇక్కడ చెల్లదు. ఆ భవనాలలో ఏ విద్యలకు పెద్దపీట వేస్తున్నారన్నదే ప్రశ్న.

నిబంధనలు ఏమంటున్నాయి?

విశ్వవిద్యాలయాలలో ప్రొఫెసర్ పైన సీనియర్ ప్రొఫెసర్ అనే హోదాకు ప్రస్తుత రూపమిచ్చినవి యూజీసీ 2018 జులైలో వెలువరించిన నియమావళి. ఒక విశ్వవిద్యాలయానికి మంజూరైన ప్రొఫెసర్ పదవులలో గరిష్ఠంగా పది శాతం మేరకు ఈ హోదాలో నేరుగా నియామకాలు జరపవచ్చు. అభ్యర్థికి ప్రొఫెసర్‌గానో, తత్సమాన హోదాలోనో కనీసం పదేళ్ల అనుభవం ఉండాలి. తన రచనలలో మేలైన పది పరిశోధన వ్యాసాలను సమర్పించాలి. గత పదేళ్లలో తన పర్యవేక్షణలో కనీసం ఇద్దరికి పీహెచ్‌డీ పట్టం లభించి ఉండాలి. ఆ శాస్త్రంలో లబ్ధప్రతిష్ఠులైన ముగ్గురు నిపుణులు అభ్యర్థి కృషిని పరిశీలించి అనుకూలంగా అభిప్రాయం చెప్పాలి. ఆ తర్వాత ఎంపిక సంఘంతో ముఖాముఖి ఉంటుంది.

ఎంపిక సంఘానికి ఉపకులపతి అధ్యక్షత వహిస్తారు. కులపతి లేదా విజిటర్ ప్రతినిధి, విశ్వవిద్యాలయ చట్టబద్ధ మండలి ఆమోదించిన జాబితా నుంచి తీసుకున్న ముగ్గురు విషయ నిపుణులు, డీన్, శాఖాధిపతి తదితరులు సభ్యులు. బయటి నిపుణులు ఇద్దరైనా హాజరు కాకపోతే సమావేశం చెల్లదు. పదవికి ప్రారంభ మూలవేతనం నెలకు 1,82,200 రూపాయలు. ప్రొఫెసర్‌కు 1,44,200 రూపాయలు.

కాగితంపై చూస్తే ఈ ఏర్పాటులో ఆక్షేపించదగినది కనిపించదు. పెద్ద పదవికి పెద్ద అర్హతలు ఉండటం న్యాయమే. చిక్కంతా ఆచరణలో ఉంది.

లెక్క కుదరని చోట

మొదటి చిక్కు సంఖ్యది. ముప్పై ప్రొఫెసర్ పదవులున్న విశ్వవిద్యాలయానికి ముగ్గురు సీనియర్ ప్రొఫెసర్లు దక్కుతారు. పది పదవులైనా మంజూరు కాని కొత్త విశ్వవిద్యాలయానికి ఈ లెక్కన ఒక్క పదవి కూడా పూర్తిగా రాదు. ఉన్న ఒకటి రెండింటి కోసం భౌతిక, రసాయన, వాణిజ్య, న్యాయ శాఖలన్నీ పోటీపడతాయి. పాతిక మంది పరిశోధకులున్న శాఖను కాదని, సొంత శాఖే లేని విషయానికి పీఠమివ్వడానికి ఏ పాలకమండలీ తేలికగా అంగీకరించదు.

రెండవది కాలానికి సంబంధించినది. పీహెచ్‌డీ పట్టాతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన వ్యక్తి ఏ ఆటంకమూ లేకుండా పదోన్నతులు పొందినా ప్రొఫెసర్ కావడానికి సుమారు పదిహేనేళ్లు పడుతుంది. ఆపై మరో పదేళ్లు గడిస్తేనే సీనియర్ పదవికి అర్హత వస్తుంది. ముప్పయ్యవ ఏట ఉద్యోగంలో చేరినవారు యాభై అయిదేళ్లకు గాని ఆ గుమ్మం తొక్కలేరు. కేంద్ర విశ్వవిద్యాలయాలలో పదవీవిరమణ వయస్సు అరవై అయిదు. పలు రాష్ట్రాలలో అంతకంటె తక్కువ. ఒక పీఠాన్ని నిర్మించి, శిష్యులను తయారుచేయడానికి మిగిలే కాలం దశాబ్దానికి మించదు. పైగా నేడు సీనియర్ ప్రొఫెసర్ కావాలంటే పాతికేళ్ల క్రితమే ఎక్కడో ఒక చోట జూనియర్‌ను నియమించి ఉండాలి. నాడు నాటని చెట్టుకు నేడు పండ్లు వెదకడం వంటిదే ఈ ప్రయత్నం. కేంద్ర విశ్వవిద్యాలయాలలోనే 2022లో మంజూరైన బోధన పదవులలో దాదాపు మూడో వంతు ఖాళీగా ఉండటాన్ని బట్టి కింది మెట్ల పరిస్థితిని ఊహించుకోవచ్చు.

మూడవది శాస్త్రం సరిహద్దు. రాజనీతిశాస్త్రంలో పట్టా పొంది విదేశాంగ విధానంపై పరిశోధన చేసినవారు అర్హులా, అంతర్జాతీయ సంబంధాల పట్టా ఉన్నవారే అర్హులా? చరిత్ర, అర్థశాస్త్రం, రక్షణ అధ్యయనాల నుంచి వచ్చినవారి సంగతేమిటి? జాతీయ అర్హత పరీక్షలో రాజనీతిశాస్త్రం వేరు, అంతర్జాతీయ అధ్యయనాలు వేరు. సోవియట్ యూనియన్ 1991లో అంతరించిన తర్వాత కూడా ఏళ్లతరబడి ఆ పరీక్ష విషయాల జాబితాలో ‘సోవియట్ అధ్యయనాలు’ అన్న మాట కొనసాగింది. నియామక ప్రకటనలో ‘సంబంధిత విషయం’ అన్న రెండు మాటలకు స్పష్టమైన నిర్వచనం ఇవ్వకపోతే, ఎంపిక ముగిసిన మరునాడే వ్యవహారం న్యాయస్థానం మెట్లెక్కే ప్రమాదముంది.

నాల్గవది రిజర్వేషన్ల అమలు. శాఖను ప్రమాణంగా తీసుకొని రోస్టర్ వేస్తే ఒకే ఒక ప్రొఫెసర్ పదవి ఉన్న చిన్న శాఖలలో దళితులకు, గిరిజనులకు, వెనుకబడిన వర్గాలకు ఎన్నటికీ వంతు రాదు. 2017లో అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి 2018లో యూజీసీ శాఖ ప్రాతిపదికను ఆదేశించగా దేశవ్యాప్తంగా ఆందోళన చెలరేగింది. 2019లో పార్లమెంటు చట్టం చేసి, కేంద్ర విద్యాసంస్థలలో సంస్థ మొత్తాన్నీ ఒకే ప్రమాణంగా నిర్ణయించింది. అంతర్జాతీయ సంబంధాల వంటి చిన్న శాఖలకు ఈ చట్టం ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. దేశం తరఫున ప్రపంచంతో మాట్లాడే విద్య కొన్ని కుటుంబాల, కొన్ని నగరాల సొత్తుగా మిగిలిపోకూడదంటే పీఠంపై ఎవరు కూర్చుంటున్నారన్నది కూడా చూడవలసిందే.

వాల్తేరు నేర్పిన పాఠం

పేరున్న ఆచార్యులు రాజధానిని వదిలి రారన్న నిరాశకు తెలుగునాటి చరిత్రే సమాధానం చెబుతోంది. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ వాల్తేరుకు దూరప్రాంతాల నుంచి ప్రతిభావంతులను రప్పించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చిన హుమాయూన్ కబీర్ అక్కడ బోధించారు. ఆయన తర్వాతి కాలంలో కేంద్రమంత్రి అయ్యారు. చరిత్ర, రాజనీతి బోధించిన హీరేన్ ముఖర్జీ లోక్‌సభలో కమ్యూనిస్టు పక్షాన ప్రముఖ వక్తగా పేరొందారు. వాల్తేరుకు వచ్చేనాటికి ఇద్దరూ ముప్పయ్యేళ్లు నిండని యువకులే. రాధాకృష్ణన్ సైతం ఆక్స్‌ఫర్డ్ ఆచార్యపదవిలో ఉండగానే 1949లో మాస్కోకు రాయబారిగా వెళ్లారు. తరగతి గదికీ రాయబార కార్యాలయానికీ మధ్య గోడ అంత ఎత్తుగా ఉండనవసరం లేదని ఆయన జీవితమే చాటింది.

అయితే ఆ రోజులలో ఉపకులపతి వివేకంపై ఆధారపడిన నియామకాలను యథాతథంగా నేడు తిరిగి తేలేము. వివేకవంతుడైన ఉపకులపతికి ఇచ్చిన స్వేచ్ఛ, వివేకం లేని ఉపకులపతి చేతికీ చిక్కుతుంది. బంధుప్రీతి, రాజకీయ ఒత్తిళ్లు తలెత్తినందువల్లనే నేటి కఠిన నిబంధనలు పుట్టాయన్నది మరువరాదు. వాల్తేరు అనుభవం నుంచి తీసుకోవలసిన పాఠం వేరు. పెద్ద పేరు దొరికే వరకు పీఠాన్ని ఖాళీగా ఉంచడం కంటె, ప్రతిభగల యువకులను తెచ్చి వారు పెద్దవారయ్యే అవకాశం కల్పించడమే మేలన్నది ఆ పాఠం.

దగ్గరి దారి ఉందా?

2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అనే కొత్త వెసులుబాటు కల్పించింది. తమ రంగంలో కనీసం పదిహేనేళ్ల అనుభవం గలవారిని పీహెచ్‌డీ వంటి పట్టాలతో నిమిత్తం లేకుండా నియమించుకోవచ్చు. విశ్రాంత రాయబారులు, వాణిజ్య సంప్రదింపులలో పాల్గొన్న అధికారులు, ఉక్కు ఎగుమతి దిగుమతులు చూసిన ఇంజనీర్లు ఈ ద్వారం గుండా తరగతి గదిలోకి రావచ్చు. మరో కార్ మన మధ్య ఉంటే ఆయనకు కూడా దారి దొరికినట్టే. కాని ఈ పదవి మొత్తం కాలం నాలుగేళ్లకు మించరాదు. బోధన వృత్తిలో ఉన్నవారికి గాని, అందులో విరమించినవారికి గాని ఇది వర్తించదు. మంజూరైన శాశ్వత పదవులకు ఇది అదనమే తప్ప ప్రత్యామ్నాయం కాదు. నాలుగేళ్లలో వచ్చి వెళ్లే అతిథి పరిశోధక విద్యార్థిని చివరివరకు చేయిపట్టి నడిపించలేరు. అతిథి వచ్చాడని ఇంటి యజమాని స్థానాన్ని ఖాళీగా ఉంచడం ఎవరికీ మేలు చేయదు.

2025 జనవరిలో యూజీసీ మరో ముసాయిదా నియమావళిని విడుదల చేసింది. ఒక విషయంలో పట్టా ఉన్నవారు మరో విషయంలో అర్హత పరీక్ష నెగ్గి బోధనకు రావచ్చునన్న ప్రతిపాదన అందులో ఉంది. పలు శాస్త్రాల కూడలిలో ఉన్న అంతర్జాతీయ సంబంధాలకు ఇది ఉపకరించే అంశమే. కాగా ఉపకులపతుల ఎంపికలో రాష్ట్రాల పాత్ర తగ్గిపోతుందంటూ తమిళనాడు, కేరళ తదితర రాష్ట్రాలు ఆ ముసాయిదాను తీవ్రంగా వ్యతిరేకించాయి. ఆచార్యుని ఎంపిక చేసే సంఘానికి ఉపకులపతే అధ్యక్షులు గనుక, ఆ వివాదం ఈ నియామకాలను తాకకుండా పోదు.

కొలిమి దాకా వచ్చిన ప్రపంచం

ఇంతకీ ఈ పీఠం వల్ల ఉక్కు కార్మికునికి ఒరిగేదేమిటన్న సందేహం కలగవచ్చు. మన ఉక్కు పరిశ్రమకు కావలసిన కోకింగ్ బొగ్గులో అత్యధిక భాగం విదేశాల నుంచి, ప్రధానంగా ఆస్ట్రేలియా నుంచి దిగుమతి అవుతోంది. 2023 అక్టోబరులో ఐరోపా సమాజం కర్బన ఉద్గారాల లెక్కలు అడగడం మొదలుపెట్టింది. 2026 జనవరి నుంచి ఉక్కు, అల్యూమినియం వంటి సరుకులపై ఆ భారం డబ్బు రూపంలో పడుతుంది. 2025 మార్చిలో అమెరికా విదేశీ ఉక్కుపై 25 శాతం సుంకం వర్తింపజేసి, జూన్‌లో దానిని 50 శాతానికి పెంచింది. అమెరికా వాకిలి మూసుకుంటే ఇతర దేశాల మిగులు ఉక్కు మన విపణికి మళ్లుతుందన్న భయంతో 2025 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం కొన్నిరకాల ఉక్కు దిగుమతులపై తాత్కాలికంగా 12 శాతం రక్షణ సుంకం విధించింది.

రూపాయల కథ కూడా పునరావృతమైంది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా నుంచి చమురు కొనుగోళ్లు పెరిగాయి. భారత బ్యాంకులలో పేరుకుపోయిన వందలకోట్ల రూపాయలను ఎలా వాడుకోవాలన్నది తమకు సమస్యగా మారిందని 2023 మేలో గోవాలో రష్యా విదేశాంగమంత్రి లవ్‌రోవ్ బహిరంగంగానే చెప్పారు. రూపాయి-రూబుల్ వ్యాపారంలోని మంచిచెడులను దశాబ్దాలపాటు చవిచూసిన దేశంలో ఆ అనుభవాన్ని క్రోడీకరించి భావితరాలకు అందించేవారు కొరవడటం విచారకరం.

ఈ పరిణామాల ఫలితం చివరకు వేతన సవరణగానో, ఒప్పంద కార్మికుల తొలగింపుగానో, విస్తరణ పనుల వాయిదాగానో రిసాలి వంటి ఊళ్ల గడపకు చేరుతుంది. ఐరోపా నిబంధనను భిలాయి కొలిమి కోణం నుంచి, అమెరికా సుంకాన్ని విశాఖ రేవు కోణం నుంచి పరిశీలించే పరిశోధన ఢిల్లీలో కూర్చుని చేయడం కష్టం. అది స్థానికంగానే ఎదగాలి. అందుకు స్థానిక విద్యార్థులు కావాలి, వారికి మార్గం చూపే ఆచార్యులు కావాలి.

చేయవలసింది

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. ప్రకటన వెలువరించడానికి ముందే ఏ ఏ శాస్త్రాలవారు అర్హులో స్పష్టంగా రాయాలి. సీనియర్ పీఠంతోపాటే ఇద్దరు ముగ్గురు యువ అధ్యాపకుల పదవులనూ మంజూరు చేయాలి. ఒంటరి పీఠం దాన్ని అధిష్ఠించినవారి విరమణతోనే ముగిసిపోతుంది. అనుభవజ్ఞులైన దౌత్యవేత్తలను ప్రాక్టీస్ ఆచార్యులుగా పిలిచి, వారి అనుభవాన్ని శాశ్వత అధ్యాపకుల పరిశోధనకు జోడించాలి. నిపుణుల జాబితాలో రాజధాని విద్యాసంస్థలతోపాటు ప్రాంతీయ విశ్వవిద్యాలయాల వారికీ చోటివ్వాలి. విదేశాలతో వ్యాపారం చేసే ప్రభుత్వరంగ సంస్థలు తమ పాత ఒప్పంద పత్రాలను పరిశోధకులకు అందుబాటులో ఉంచితే, గ్రంథాలయ వ్యయంలో సగభారం తగ్గినట్టే.

1955లో ఢిల్లీలో రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి ఉక్కు కర్మాగారానికి ఒప్పందం, మరొకటి అంతర్జాతీయ అధ్యయనాలకు విద్యాసంస్థ. మొదటిది రాజధాని దాటి వచ్చి అడవులు, పొలాల మధ్య ఒక మహానగరాన్ని నిలబెట్టింది. రెండవది మాత్రం చాలావరకు రాజధాని పరిసరాలలోనే ఆగిపోయింది. ఉక్కును దేశమంతటా పంచగలిగిన ప్రభుత్వాలు ఆ ఉక్కును తెచ్చిన విద్యను కూడా పంచగలవు. అందుకు తొలిమెట్టు ఒక నియామక ప్రకటన; మలిమెట్టు, దానికి వచ్చిన దరఖాస్తులను నిష్పాక్షికంగా పరిశీలించే ఎంపిక సంఘం. ఈ రెండూ విశ్వవిద్యాలయాల చేతిలో ఉన్నవే.